పడవ దిగని గేలం

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
3 ఫిబ్రవరి 2024

అక్కా,

నామీద మీరంతా కలిసి మోపిన నేరం ఇది: చదువుకున్నానన్న పొగరుతో ఆసుపత్రి కాగితం మీద అబద్ధం రాసి, కన్నతల్లిని అయస్కాంతపు యంత్రంలోకి తోశాను. నిన్న నాన్న ఫోనులో అన్న మాటలకు నేను ఒక్క అక్షరం కలపలేదు, తీసేయలేదు. మన జాలరిపేట సంఘంలో పెద్దలు కూడా ఇదే అన్నారట.

సమాధానం చెబుతాను. ఫోనులో కాదు. మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. మీ అత్తగారు కాళమ్మ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా అందరూ వింటారు. తెలుగు చదవగలిగేది ఆ ఇంట్లో నువ్వొక్కతెవే కాబట్టి కాగితమే మేలు.

కాలేజీ చర్చాపోటీల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం, ఎదుటి పక్షం వాదనను వాళ్ళకంటే బాగా చెప్పి ఆ తర్వాత ఖండించాలన్నది. అందుకే మీ పక్షం నుంచే మొదలుపెడతాను. అవును, కాగితం నింపింది నేను. ‘ఒంట్లో లోహం ఏదైనా ఉందా’ అన్న చోట ‘లేదు’ అని గుర్తు పెట్టింది నేను. కింద సంతకం నాది. ఆ ‘లేదు’ అబద్ధమని తేలింది. ఇంతవరకు పేచీ లేదు.

ఇక జరిగింది విను. పచ్చకామెర్లతో వచ్చిన అమ్మకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని మామూలు స్కానులోనే కనిపించింది. పిత్తం పేగులోకి దిగే గొట్టం కూడా ఉబ్బి ఉంది. అందులోకి రాయి జారిందో లేదో కోతకు ముందే తెలియాలని సర్జను అయస్కాంతపు స్కాను, అదే ఎం.ఆర్.ఐ., రాశారు. కత్తి లేదు, సూది కూడా లేదు. జనవరి ఎనిమిదిన స్కాను గది ముందు అమ్మ చేతికి పెద్ద గ్లాసుడు అనాసరసం ఇచ్చారు. అది తాగితే కడుపూ పేగులూ నల్లగా పడి, పిత్తం పారే దారి ఒక్కటీ తెల్లగా తేలుతుందట.

“అనాసరసం తాగితే పొటో బాగొత్తాదేటి?” అని అమ్మ నవ్వింది. “ముందే సెప్తే మన డిగ్లీపూరు అనాసకాయలు తెద్దును గదే. ఇది సప్పగా ఏడిసింది.”

అక్కా, ఆ రోజుల్లో అమ్మ నవ్విన నవ్వు అదే చివరిది.

టెక్నీషియను నన్ను అడిగాడు. “అమ్మాజీ కే శరీర్ మే కోయీ లోహా? పిన్, ప్లేట్, ఛర్రా, కుఛ్ భీ?” ఒంట్లో పిన్ను గానీ ఇనుము గానీ ఏదైనా ఉందా అని నేను తెలుగులో అమ్మను అడిగాను. అమ్మ గ్లాసులోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. నాకు తృప్తి కలగక, అక్కడే నిలబడి నీకు ఫోను చేశాను. నేను అయిదేళ్ళ వయసు నుంచి గోపినాథ్ మామయ్య ఇంట్లో పెరిగినదాన్ని. అమ్మ ఒంటి మీద ఏ గాయం ఎప్పటిదో నాకేం తెలుసు? నువ్వన్న మాట ఇది: “ఏటీ నేదే. అమ్మకి ఆపరేసన్లు ఎప్పుడయినాయని? రాసీ, రాసీ, ఆలీసం సేయకు.”

రాసేశాను.

అమ్మ లోపలికి వెళ్ళిన అయిదు నిమిషాలకు ఆమె చేతికిచ్చిన గంట మోగింది. బయటికి లాగారు. కుడి భుజం వెనక పట్టుకుని వణికిపోతోంది. “తాడు లాగతందే సుమా, తాడు లాగతంది” అని ఒకటే మాట. భయంతో మతి తప్పిందనుకున్నాను. ఎక్స్‌రే తీస్తే భుజం ఎముక వెనక కండలో అంగుళం పొడవున వంకర ఇనుప ముక్క. గేలం! టెక్నీషియను అందరి ముందూ నామీద “పఢీ లిఖీ హో!” అని, చదువుకున్నదానివి కదా అని, అరిచాడు. పడ్డాను. సంతకం నాదే కదా.

స్కాను ఆగిపోయింది కాబట్టి సర్జను పొట్ట పెద్దగా కోసి, దారి తడుముకుంటూ పిత్తాశయం తీసి, పిత్తనాళం చీల్చి మూడు రాళ్ళు ఏరారు. నాళంలో ఒక సన్నని గొట్టం ఉంచి పక్కటెముకల కిందనుంచి బయటికి తీశారు. దాన్నే అమ్మ ఇప్పుడు చీర కింద సంచితో మోస్తోంది. పదమూడో రోజున ఆ గొట్టంలోంచి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. అద్దం వెనకనుంచి చూశాను. మన రేవు నీళ్ళ కింద పగడపు కొమ్మలు కనిపిస్తాయే, అలా కాలేయంలోకి తెల్లని కొమ్మలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. కింది మొదట్లో మాత్రం మిరియపు గింజంత నల్లచుక్క.

“రాయైనా కావచ్చు, మందుతో పాటు పోయిన గాలి బుడగైనా కావచ్చు,” అన్నారు సర్జను. “బుడగైతే మళ్ళీ తీసినప్పుడు ఉండదు. రాయైతే అక్కడే ఉంటుంది. ఫిబ్రవరి పదిహేనున తీసుకురండి. అది తేలేదాకా గొట్టం తియ్యను.”

నేను అడిగేవి రెండు. ఫోనులో నువ్వేమన్నావో సంఘానికి చెప్పు. పదిహేనో తేదీకి అమ్మను ఇక్కడికి పంపు. మొదటిది నా పరువు, రెండోది అమ్మ ప్రాణం. ఒక్కటే ఇవ్వగలిగితే రెండోదే ఇవ్వు.

సుమ

*

పేట, డిగ్లీపూర్
7 ఫిబ్రవరి

చెల్లి సుమకు,

నీ ఉత్తరం బస్సు కండక్టరు భద్రంగా ఇచ్చాడు. అంత పొడుగు ఉత్తరం చూసి మీ బావ నాగబాబు “కోర్టు నోటీసా ఏటి?” అన్నాడు. మామయ్య ఒంట్లో కులాసా అని రాశావని చెప్పాను.

అమ్మ పథ్యం తింటోంది. గొట్టం చుట్టూ గుడ్డ రోజూ నేనే మారుస్తున్నాను. మా అత్త పొద్దున్నే వచ్చి గంజి తాగించి, తల దువ్వి వెళ్తుంది. వియ్యపురాలికి ఇంత చేసే మనిషిని నేను చూడలేదు. నువ్వు ఊరికే కంగారు పడకు.

ఫోను సంగతి నాకంతగా గుర్తు లేదు. సిగ్నలు సరిగా లేదేమో. నువ్వొకటి అడిగితే నేనొకటి విన్నానేమో. గేలం అంటావా, వేటకు వెళ్ళే ఇంట్లో ఎక్కడ చూసినా గేలాలే. వల ఆరేస్తున్నప్పుడు ఎప్పుడో గుచ్చుకుని ఉంటుంది. అమ్మకే గుర్తు లేదంటోంది. దాన్ని పట్టుకుని లాగకు.

పదిహేనుకు రావడం కష్టమే. అమ్మ ససేమిరా అంటోంది. ఆ యంత్రం పేరెత్తితే భయపడుతోంది. “రెండోసారి ఆ సుమ సేతిలో పడను” అందట నాన్నతో. నొప్పిలో అన్న మాట, మనసులో పెట్టుకోకు. ఎక్స్‌రే ఫిల్ములు కూడా బస్సులో ఎక్కడో జారిపోయాయి. అవి లేకుండా వెళ్తే డాక్టరు కేకలేస్తాడు కదా.

సంఘంలో నీ గురించి గట్టిగానే అనుకున్నారు. మార్చి మూడున ఆదివారం మళ్ళీ కూర్చుంటారు. నీకు తెలుసుగా నియమం. ఆడవాళ్ళు సంఘంలో నిలబడి మాట్లాడకూడదు, కాగితం రాసి పంపవచ్చు. వచ్చిన కాగితాలు చదివేది నేనే. మగవాళ్ళంతా హిందీ బడిలో చదివినవాళ్ళు కాబట్టి గణేశ్వరరావు పెద్దయ్య నాకు ఆ పని ఇచ్చాడు. చదవడానికి మాత్రమే, మాట్లాడటానికి కాదు! “తప్పైంది, చూసుకోలేదు” అని నాలుగు ముక్కలు రాసి పంపు. నేను మెత్తగా చదువుతాను. అంతటితో సరిపోతుంది. నీ ఉపన్యాసాలు కాలేజీలో పెట్టుకో.

వేళకు తిను. తల బిరుసుగా పెట్టుకోకు.

అక్క కళ్యాణి

*

డిగ్నాబాద్
11 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరంలో నాలుగు అబద్ధాలున్నాయి. ఆప్యాయత కూడా ఉంది. రెండింటినీ కలిపి ముద్ద చేయడంలో నీ నేర్పు నాకు ఏనాటికీ రాదు.

సిగ్నలు సరిగా లేదన్నావు. ఆ రోజు మన మాట నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు సాగిందని నా ఫోను చెబుతోంది. అందులో మీ మేక ఈనిన వైనం కూడా చెప్పావు. మేక సంగతి వినిపించిన సిగ్నలులో ఇనుము సంగతి వినిపించలేదా?

ఫిల్ములు జారిపోయాయన్నావు. జారనీ. అవి చేతికొచ్చిన రోజే వెలుతురుకు ఎత్తి నా ఫోనులో ఫొటో తీసుకున్నాను.

వల ఆరేస్తుంటే గుచ్చుకుందన్నావు. ఆ ఫొటో పట్టుకుని నిన్న జెట్టీ దగ్గర గవరయ్య తాత దగ్గరికి వెళ్ళాను. తెలుసుగా, మన వైపు నుంచే వచ్చి నలభై ఏళ్ళుగా పడవలకు తాళ్ళు పేనుతూ, గేలాలు కడుతూ కూర్చునే మనిషి. అమ్మ పేరు చెప్పలేదు. ఎవరిదో అన్నాను.

కళ్ళజోడు పైకెత్తి చూశాడు. “అరె బేటీ, ఇది సొరగేలం గదేటి, సొరసేపలకేసేది. మొన సూడు, లోపలికెలా తిరిగుందో. ఈ లావు ఇనప సువ్వ ఇంకే గేలానికీ ఎయ్యరు.”

“ఇంట్లో వల ఆరేస్తుంటే గుచ్చుకుందట తాతా.”

పగలబడి నవ్వాడు. “ఇంట్లోనా? ఎవుడు సెప్పాడే నీకు? సొరగేలం తాడు ఏట మొదలెట్టిన్నాడు పడవెక్కితే, ఏట ముగిసేదాకా పడవ దిగదు. దించితే గంగమ్మకి కోపం. ఇంటికి తేరు, ఆడోల్లు ముట్టరు. ఇది గుచ్చుకుందంటే ఆ మగోడు పడవ మీదున్నట్టే. బతికున్నాడా?”

“బతికే ఉంది తాతా” అనబోయి ఆగిపోయాను. మగోడు, అన్నాడు అక్కా. ఆడదానికి అది గుచ్చుకునే వీలే లేదు కాబట్టి.

అప్పుడర్థమైంది నాకు, ‘తాడు లాగుతోంది’ అన్న మాట మతి తప్పినదాని మాట కాదని. ఎప్పుడో ఒక తాడు నిజంగానే లాగింది. ఆ లాగుడు ఎలా ఉంటుందో ఆ భుజానికి గుర్తుంది.

అమ్మ పడవ ఎక్కింది. నీకు తెలుసు, నాన్నకు తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. సంతకం మాత్రం నాచేత పెట్టించారు. ఇనుము ఒంట్లో ఉంచుకుని ఆ యంత్రంలోకి వెళ్ళిన మనిషికి ఇంకా ఘోరమే జరగవచ్చునని సర్జను చెప్పారు. మీ ముగ్గురూ కలిసి పాటించిన మౌనానికి మూల్యం నా పేరు. ఇప్పుడు ఆ ఫిల్ము బయటపడుతుందని అమ్మను ఆసుపత్రికే రానివ్వడం లేదు. నేను చెప్పింది తప్పైతే ఖండించు. తప్పు కాకపోతే, ఎందుకో చెప్పు.

పదిహేను ఇంకా నాలుగు రోజులుంది.

సుమ

*

పేట, డిగ్లీపూర్
16 ఫిబ్రవరి

సుమా,

నిన్న పదిహేను. నువ్వు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఉంటావని తెలుసు. నేను ఇక్కడ నీళ్ళు మోస్తూ గంటలు లెక్కపెట్టాను. అమ్మ రాలేదు, మేము పంపలేదు. ఇక దాచను.

పదిహేనేళ్ళ కిందటి మాట. నువ్వు అయిదేళ్ళ పిల్లవి. నాకు పధ్నాలుగు. నాన్నతో వేటకు వెళ్ళే మనిషి కాలు విరిగి పడ్డాడు. నాన్న నోటి దురుసు నీకు తెలుసుగా, నీకూ అక్కడినుంచే వచ్చింది. ఇంకెవరూ ఆయన పడవ ఎక్కబోమన్నారు. ఒక్కడు సముద్రంలో తాడు లాగలేడు. మూడు వారాలు చూసింది అమ్మ. నాలుగో వారం నాన్న చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టి, తెల్లారకముందే పడవ ఎక్కింది. పదకొండుసార్లు వెళ్ళింది. పన్నెండోసారి పెద్ద సొర పడి తాడు ఎగిరితే గేలం వచ్చి భుజం వెనక దిగింది. నాన్న బయటి కాడను పట్టకారుతో తుంచి ఇంటికి తెచ్చాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే పేట అంతా తెలుస్తుంది. మిగిలిన ముక్క తియ్యాలని బ్లేడు కాల్చి కోసింది నేను. అమ్మ నోట్లో గుడ్డ పెట్టుకుంది. ఎంత కోసినా మొన దొరకలేదు. పసుపు పెట్టి కట్టేశాను. నా చేతులు ఇప్పటికీ చేప కోసేటప్పుడు ఒక్కోసారి ఆగిపోతాయి.

అంతవరకైతే ఏదోలా ఉండేది. తొమ్మిది రోజులకు చిట్టిబాబు మామ పడవ తిరిగి రాలేదు. రేవులో తుపాను జెండా ఎగరేసి ఉండగానే వెళ్ళాడు. కానీ పేట ఆ మాట అనలేదు. ఎవరో ఆడది పడవ తాకబట్టే గంగమ్మ మింగిందన్నారు. సంఘం ఇంటింటికీ తెడ్డు తెచ్చింది. తెడ్డు మీద చెయ్యి వేసి నాన్న ప్రమాణం చేశాడు, మా ఇంటి ఆడది పడవ తాకలేదని. నేను పక్కనే నిలబడ్డాను.

ఆ చిట్టిబాబు మామ పెళ్ళామే మా అత్త. ఆయన కొడుకే మీ బావ. నా పెళ్ళి కుదిరిన రోజు అమ్మ ఏడ్చింది సంతోషంతో అనుకున్నారు అందరూ. ఇప్పుడు ఆ ఫిల్ము ఒక్క వేటగాడు చూసినా చాలు. పేట నమ్మకం ప్రకారం, నా మొగుడి తండ్రిని మింగింది నా తల్లి. నాకు ఇద్దరు పిల్లలు సుమా.

తప్పు నీదని అందరికీ నీ పేరు చెప్పింది నేనే. ఎవరో నెట్టితే చెప్పలేదు, ఆలోచించే చెప్పాను. నువ్వు తప్పు మోయగలవు. నీకు మాటలున్నాయి, ఊరు దాటి బతుకుంది. నాకేముంది?

ఇంకొకటి. ఇది రాయకూడదనుకున్నాను. కానీ నువ్వు నన్ను నాలుగు అబద్ధాలంటూ లెక్కపెట్టావు, అయిదోది కూడా తీసుకో. నిన్ను మామయ్య ఇంటికి పంపింది చదువు కోసం కాదు. నువ్వు వాగుడుకాయవి. అమ్మ వీపు మీద కట్టు చూసి, “అమ్మకి సేప కరిసింది” అని వీధంతా చెప్పబోయావు. ఆ నెలలోనే నిన్ను ఓడ ఎక్కించారు. నువ్వు పెద్ద చదువు చదవాలని అమ్మ కల కన్నదన్నది నాన్న అల్లిన కథ.

ఈ కాగితం తగలబెట్టు. ఇది నీ నోట రానివ్వనని అమ్మ మీద ఒట్టేసి రాయి.

కళ్యాణి

*

డిగ్నాబాద్
24 ఫిబ్రవరి

అక్కా,

మీ కాపురాలన్నీ చల్లగా ఉండాలని కోరుతూ, నేను ఇరవయ్యో తేదీన మీ గుమ్మంలో నిలబడ్డప్పుడు నువ్వు నా కళ్ళలోకి చూడలేదని గుర్తు చేస్తున్నాను.

నేను అమ్మను తీసుకుపోవడానికి వచ్చాను. నాన్న వాకిట్లో తాడు చిక్కు తీస్తూ తలెత్తలేదు. మీ అత్త గంజి గిన్నె పక్కన పెట్టి, “రా తల్లీ. నీ మీద కోపం నేదు. సదువుకున్నోల్లకి తెలివెక్కువ, గేపకం తక్కువ” అంది. నలుగురూ నవ్వారు. ఆ మాట అంటూనే అమ్మ మూతి తన కొంగుతో తుడిచింది. తిట్టి, తుడిచే చెయ్యి అది. అలాంటి చెయ్యి పోటీల్లో నాకెన్నడూ ఎదురుపడలేదు.

అమ్మ కళ్ళు మళ్ళీ పచ్చబడుతున్నాయి. నువ్వు రోజూ చూస్తున్నావు కాబట్టి నీకు కనబడటం లేదేమో. నెల తర్వాత చూసిన నాకు కనబడింది. అంటే ఆ నల్లచుక్క గాలి కాకపోవచ్చు.

బావి దగ్గర అమ్మ ఒక్కతీ దొరికింది. అడిగాను. ఏమందో తెలుసా? “పెద్దదాని కాపురం నిలబడాలే. నీకు మాటలున్నాయి. దానికేటున్నాయి?” నీ ఉత్తరంలోని వాక్యమే! మీరిద్దరూ కూర్చుని పంచుకున్నారన్నమాట, కాపురం నీకూ నింద నాకూ. అమ్మ తన వాటాకు కాలేయాన్ని ఉంచుకుంది. అమ్మ తన ఒంటితో నీ ఇంటికి కాపలా కాస్తోంది అక్కా. కాయనిస్తున్నది నువ్వు.

రెండు టిక్కెట్లతో తిరిగి వచ్చాను. పక్క సీటులో నా సంచి కూర్చుంది.

దారి పొడుగునా నీ అయిదో అబద్ధం నమిలాను. పదిహేనేళ్ళుగా నేను గెలిచిన ప్రతి కప్పునూ మామయ్య ఇంట్లో వరసగా పెట్టి, ఇవి అమ్మ కలకు నేనిచ్చే లెక్క అనుకున్నాను. నోరు మూయించడానికి పంపిన పిల్లను. ఆ నోరే కదా నాకు మిగిలింది. చిట్టిబాబు మామను ముంచింది అమ్మ కాదు, తుపాను జెండా చూసీ ఆగని తొందర. ఆ మాట పధ్నాలుగేళ్ళ నీకు తెలిసి, ఇరవై తొమ్మిదేళ్ళ నీకు తెలియకుండా పోయిందా?

నువ్వు అడిగిన ఒట్టు ఇస్తున్నాను. అమ్మ మీద ఆన, ఆ సంగతి నా నోటితో చెప్పను. ఫిల్ము ఫొటో ఎవరికీ చూపను. నీ నోటి విషయంలో మాత్రం నేను ఏ మాటా ఇవ్వలేదు.

ఆదివారం సంఘానికి నా కాగితం వస్తుంది. చదివేది నువ్వే కదా.

సుమ

*

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
1 మార్చి 2024

సంఘం పెద్దలు గణేశ్వరరావు గారికి, నాన్నకు, కాళమ్మత్తకు, పేటలోని అందరికీ,

నమస్కారాలు. నూకన్న, యర్రమ్మల చిన్న కూతురు సుమను. ఈ కాగితం చదువుతున్నది మా అక్క కళ్యాణి. ఆమె గొంతులో వినిపిస్తున్నా, మాటలు నావి. కోపం వస్తే నామీద తెచ్చుకోండి.

మీరు నామీద మోపిన నేరంలో సగం ఒప్పుకుంటున్నాను. ఆసుపత్రి కాగితం మీద తప్పు రాశాను. చేయి నాది. ఒంట్లో ఇనుము ఉందో లేదో నాకు తెలియదని రాయాల్సిన చోట, లేదని రాశాను. తెలియని దాన్ని తెలుసన్నట్టు రాయడం చదువుకున్నదానికి తగని పని. దానికి మీరు ఏ శిక్ష వేసినా తల వంచుతాను. పేటలోకి రావద్దంటే రాను. సంఘంలో నా పేరు కొట్టేయండి, మాట్లాడను.

మిగిలిన సగం ఒప్పుకోను. తెలిసి రాశానన్నది ఒప్పుకోను. ఆ గేలం సంగతి ఆ రోజు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఎలా దిగిందో, ఎప్పుడు దిగిందో తెలుసు. చెప్పనని మా అమ్మ మీద ఒట్టేశాను కాబట్టి చెప్పను. నా దగ్గర ఒక ఫొటో ఉంది. ఈ కవరులో పెట్టి పంపగలిగీ పంపలేదు.

శిక్ష సంగతి పక్కన పెట్టండి. మా అమ్మ పక్కటెముకల కింద గొట్టం ఉంది. అందులోంచి మరొక్కసారి మందు ఎక్కించి ఫొటో తియ్యాలి. అయస్కాంతం కాదు, ఇనుమును లాగే యంత్రం కాదు, మామూలు ఎక్స్‌రే. పదిహేను నిమిషాల పని. దారి తెల్లగా నిండితే గొట్టం తీసేస్తారు. నల్లచుక్క అక్కడే ఉంటే, ఆ గొట్టం దారినే రాయిని పట్టుకునే ఉపాయం ఉందట. ఇంట్లో కూర్చుంటే ఏ ఉపాయమూ లేదు. పిత్తం వెనక్కి ఎక్కుతుంది, చీము పడుతుంది, జ్వరం వస్తుంది. ఆ జ్వరానికి డిగ్లీపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా బస్సు ప్రయాణమంత వ్యవధి ఉండకపోవచ్చు. ఈ మాట నాది కాదు, సర్జనుది. నమ్మకం లేకపోతే ఇప్పుడే ఎవరైనా లేచి వెళ్ళి అమ్మ రెప్ప కిందికి లాగి చూడండి. ఏ రంగు ఉందో వచ్చి సభకు చెప్పండి. అంతదాకా అక్క ఆగుతుంది.

అమ్మ భయపడి రావడం లేదని మీరనుకుంటున్నారు. యర్రమ్మ తేలిగ్గా భయపడే మనిషి కాదని మీ అందరికీ తెలుసు. ఆమె యంత్రానికి భయపడటం లేదు.

కాళమ్మత్తా, మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. నెల రోజులుగా మా అమ్మ నోటికి గంజి గిన్నె అందించింది మీరు. ఈ పూట ఏం విన్నా, ఎవరి గురించి విన్నా, ఆ గిన్నె వెనక్కి తీసుకోకండి. తీసుకోవాలనిపిస్తే, మీ ఇంటి పడవ వెళ్ళిన ఉదయం రేవులో ఏ జెండా ఎగిరిందో ముందు గుర్తు తెచ్చుకోండి. నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక పెద్దలకు నా విన్నపం కాదు, నా కోరిక. సంఘంలో ఆడది కాగితం చదవవచ్చు, మాట్లాడకూడదన్నది మీ నియమం. ఇన్నాళ్ళుగా మా అక్క మీ అందరి కాగితాలూ మీకు చదివి వినిపించింది. తన మాట ఒక్కటీ వినిపించలేదు. చిన్నప్పుడు నా నోరు మూయడానికి నన్ను ఊరు దాటించారు. ఆమెను ఊళ్ళోనే ఉంచి మూశారు. ఈ రోజు ఒక్క పూట ఆ నియమం తీసేయండి.

కళ్యాణి ఇక్కడ ఆగితే, కాగితం ఇంకా అయిపోలేదని తెలుసుకోండి. ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకోండి. మంచినీళ్ళివ్వండి. తర్వాత, గణేశ్వరరావు గారూ, మీరే అడగండి: “కళ్యాణీ, మీ అమ్మ భుజంలో గేలం కోసం బ్లేడు పట్టింది ఎవరు?”

ఆమె చెప్పేదాకా ఎవరూ లేవకండి. చెప్పాక తిట్టదలచినవాళ్ళు తిట్టండి, తెడ్డు తెప్పించదలచినవాళ్ళు తెప్పించండి. కానీ రేపు సోమవారం పొద్దున బస్సు కదిలే వేళకు, మీలో ఎవరు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారో, వాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి.